అయ్యోరా, చెయ్యి ఇడిసిపెట్టు

పిల్లలూ, ఇవాళ వేలిముద్ర దగ్గర బయల్దేరి పాస్‌వర్డు దాకా వెళదాం. దారిలో రోటిపచ్చడి కూడా తగులుతుంది. మొన్న మా వీధి చివరింటి అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పటినుంచీ ఇదంతా మీకు చెప్పాలని మనసు కొట్టుకుంటోంది. ఆ పిల్ల సంగతి కాసేపాగి చెబుతాను, ముందు 1991కి వెళ్లొద్దాం.

అప్పుడు మా నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ నడుస్తోంది. ఊరూరా రాత్రిబడులు. నేను పగలు హైస్కూల్లో సైన్సు చెప్పి, రాత్రి లాంతరు పట్టుకుని రామాలయం అరుగు మీదికి వెళ్లేవాణ్ణి. వచ్చేవాళ్లు దాదాపు అందరూ కూలిపనుల ఆడవాళ్లే. పొద్దంతా నాట్లు వేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి పలక పట్టుకొచ్చేవారు. వాళ్లలో ఒక ముసలమ్మ ఉండేది. సంతకం నేర్పాలని నేను ఆమె వెనక కూర్చుని, చెయ్యి పట్టుకుని దిద్దించేవాణ్ణి. నాలుగు రాత్రులు ఊరుకుంది. అయిదో రాత్రి బలపం కింద పెట్టేసి, “అయ్యోరా, చెయ్యి ఇడిసిపెట్టు. రాసేది నువ్వా, నేనా?” అంది.

వదిలేశాను. ఆమె పేరులో మొదటి అక్షరం ‘ర’. గుండ్రం కలవలేదు, తలకట్టు పక్కకు జారిపోయింది. ఉమ్మితడితో తుడిచేసి మళ్లీ రాసింది. లాంతరు చుట్టూ పురుగులు ముసురుతున్నాయి, పక్కనున్న ఆడవాళ్లు తమ పలకలు మానేసి ఈమె పలకనే చూస్తున్నారు. ఏడో ఎనిమిదో సారికి ‘ర’ కుదిరింది.

ఆ పట్టుదలకు కారణం తర్వాత తెలిసింది. ఎప్పుడో ఒక ప్రోనోటు మీద వేలిముద్ర వేసిందట. పైన ఏం రాసుకున్నారో ఆమెకు తెలియదు. ఎంత తీర్చినా అప్పు తీరలేదు. వేలు ఆమెదే, ముద్ర ఆమెదే, మాట మాత్రం ఆమెది కాదు. ఆ మరుసటి ఏడే, 1992లో, మా జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రాత్రిబడుల్లో కలిసి కూర్చుని, కలిసి చదువుకుని, కలిసి మాట్లాడుకున్నవాళ్లు వాళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా బందయింది. సొంత పేరు సొంతంగా రాసుకోవడంతో మొదలైన చదువు ఎంత దూరం వెళ్తుందో నేను కళ్లారా చూశాను.

ఇక వేలిముద్ర సంగతి. మన భాషలో ‘వేలిముద్ర’ అంటే చదువురానితనం. “వాడికేం తెలుసు, వేలిముద్రగాడు” అనడం మీరూ వినే ఉంటారు. కానీ సైన్సు కళ్లతో చూస్తే ప్రతి బొటనవేలి కొసా ఒక అద్భుతం. బిడ్డ అమ్మ కడుపులో ఉండగానే మూడో నెల నుంచి ఈ గీతలు రూపు కట్టడం మొదలవుతుంది. ఆరో నెలకల్లా స్థిరపడిపోతాయి. జన్యువులు ఒకటే అయిన కవలలకు కూడా ఇవి కలవవు. ఎందుకంటే కడుపులో చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి, వేలు పెరిగిన తీరు, బిడ్డ కదలిక, అన్నీ ఆ గీతల్లో పాలుపంచుకుంటాయి. నాట్లు వేసీ, గిన్నెలు తోమీ, సున్నం కలిపీ పైచర్మం అరిగిపోయినా, కొన్నాళ్లు పనికి విరామమిస్తే అవే గీతలు తిరిగొస్తాయి. వాటి అచ్చు పైచర్మానికి అడుగున ఉంటుంది మరి. రేషన్ షాపు మిషన్ దగ్గర అవ్వ వేలు పడలేదంటే, గీతలు మాయమయ్యాయని కాదు, మిషన్‌కు అందేంత ఎత్తు లేవని అర్థం.

ఈ ముద్రను సంతకంగా వాడటం కూడా మన దేశంలోనే ఊపందుకుంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనక అరచెయ్యి అద్దించాడు. రేపు ‘ఇది నా సంతకం కాదు’ అంటాడేమోనని భయం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. లక్షల ముద్రల్లో ఒక ముద్రను వెతికి పట్టుకోవడం ఎలాగన్న లెక్క కట్టినవాళ్లలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముఖ్యులు. 32 వరసలు, వరసకు 32 చొప్పున 1024 గూళ్లుగా ముద్రల్ని సర్దే పద్ధతి హక్‌ది. ప్రపంచం మాత్రం దాన్ని వాళ్ల పై అధికారి పేరుతో ‘హెన్రీ పద్ధతి’ అంది. పని చేసిన చేతులు ఒకరివి, పేరు ఇంకొకరిది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా రోజుకు పదిసార్లు బొటనవేలు అద్దుతున్నారు. ఫోన్ తెరవడానికి, ఆఫీసు హాజరుకు, బ్యాంకుకు. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు మీరూ అద్దుతారు. మిషన్ మీ వేలి బొమ్మను మన కళ్లు చూసినట్టు చూడదు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులు పట్టుకుని ఒక పటం తయారుచేసుకుంటుంది. తర్వాత మీరు వేలు పెట్టినప్పుడల్లా పటానికీ పటానికీ పోలిక చూస్తుంది. మంచి ఏర్పాటే. కాకపోతే ఒక చిక్కు ఉంది. 2018లో మన తెలుగునేల మీదే ఒకతను ఏం చేశాడో తెలుసా? ఆన్‌లైన్‌లో దొరికే భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో ఉత్తుత్తి వేళ్లు తయారుచేసి, వేలకొద్దీ సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత అద్దింది ప్రాణమున్న వేలా కాదా అని చూసే ఏర్పాట్లు ఆధార్‌లో బలపడ్డాయి. మనమే మన వేలిముద్రకు తాళం వేసుకునే వీలు కూడా ఆధార్ యాప్‌లో ఉంది. అయినా ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. పాస్‌వర్డు బయటపడితే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా.

అందుకే కంప్యూటరు ముందు ‘నేను నేనే’ అని రుజువు చేసుకోవడానికి మూడు దారులు పెట్టారు. మనకు మాత్రమే తెలిసినది, అంటే పాస్‌వర్డు. మన చేతిలో ఉన్నది, అంటే ఓటీపీ వచ్చే ఫోను. మన ఒంటి మీద ఉన్నది, అంటే వేలూ ముఖమూ. మూడింట్లో రెండు కలిస్తే గట్టి కాపలా. ఓటీపీ చదివి చెప్పమని ఎవరు ఏ గొంతుతో అడిగినా చెప్పకండి. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు చివరింటి అమ్మాయి సంగతి. ఇంటర్ అయింది, ఈఏపీసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకుందామని కూర్చుంటే లాగిన్ వివరాలు ఈ పిల్ల ఫోనుకు రాలేదు. తీరా చూస్తే, అప్లికేషను నెట్ సెంటర్లో పెట్టినరోజు నాన్న ఫోన్లో చార్జింగ్ లేదట, సెంటరతను తన నంబరే వేసేశాడు. మెయిల్ ఐడీ కూడా అతనే తయారుచేశాడు. పాస్‌వర్డు ఏమిటంటే ఆ పిల్లకు తెలియదు. ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎవరో కాలేజీ తరఫు మనిషి ఆ వివరాలు సంపాదించి, ఈ పిల్ల ఎన్నడూ పేరు వినని కాలేజీని మొదటి ఆప్షనుగా పెట్టేశాడు. “నా పేరుతో నేను కాకుండా ఎవరు పెట్టారు తాతయ్యా?” అని అడిగింది. నాకు లాంతరు వెలుగూ ప్రోనోటూ గుర్తొచ్చాయి.

ఆ సెంటరతన్ని తిట్టాలని నాకు లేదు. ఊళ్లో ఎంతమందికి ఫారాలు నింపిపెట్టాడో. నన్ను కలవరపెట్టింది వేరే. పన్నెండేళ్లు బడికి పంపాం. కణం నిర్మాణం గీయించాం, త్రికోణమితి నేర్పాం. తన పేరుతో తాను ఒక తలుపు తెరిచి లోపలికి వెళ్లి, పని చూసుకుని, తాళం వేసుకుని రావడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దిద్దించారు. 2020లో బడులు మూతపడి ఫోన్లో పాఠాలు జరిగినప్పుడు చూశారుగా. తెర మీద పిల్లల పేర్లే ఉండేవి కావు. నాన్న పేరో, నాన్న దుకాణం పేరో, లేకపోతే ఫోన్ కంపెనీ పేరో కనిపించేది. టీచరమ్మ ఆ పేరుతోనే హాజరు వేసేది. పిల్లలు ఆన్‌లైన్‌లో అడుగుపెట్టిందే ఇంకొకరి పేరు వెనక నిలబడి.

మర్నాడే ఆ అమ్మాయినీ వాళ్లమ్మనూ తీసుకుని హెల్ప్‌లైన్ సెంటరుకు వెళ్లాను. హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, ఆధార్ చూపించి, రిజిస్టరైన నంబరు తీయించి వాళ్లమ్మ నంబరు వేయించుకున్నాం. ఆప్షన్లు మార్చుకోవడానికి గడువు ఇంకా ఒకరోజు మిగిలి ఉంది. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, “కొత్త పాస్‌వర్డు ఏం పెడతావు?” అన్నాను. “నా పుట్టినరోజు, మర్చిపోను కదా” అంది.

కాగితం తెమ్మన్నాను. లెక్క వేద్దాం రండి, మీరూ కాగితం తీసుకోండి. పుట్టినతేదీలో ఎనిమిది అంకెలు ఉంటాయి. ఎనిమిది అంకెలంటే 10 కోట్ల రకాలు, గట్టిదేనని అనిపిస్తుంది. కానీ ఇంటర్ పూర్తిచేసిన పిల్లంటే ఓ మూడేళ్ల మధ్యలో ఎప్పుడో పుట్టి ఉంటుంది. మూడు 365లు, అంటే 1095. పదికోట్ల తాళం అనుకున్నది కాస్తా వెయ్యికి దిగిపోయింది. పక్కింటి కుర్రాడు ఓపిగ్గా కూర్చుంటే రెండుమూడు రోజుల్లో తీసేస్తాడు. కంప్యూటరుకు రెప్పపాటు కూడా పట్టదు. పోనీ ఎనిమిది చిన్న ఇంగ్లిషు అక్షరాలు ఇష్టమొచ్చినట్టు కలిపితే? 26ని 26తో అలా ఎనిమిదిసార్లు వేసుకుంటే దాదాపు 20,882 కోట్లు. బాగా పెరిగింది, కానీ గుర్తుండదు. ఇప్పుడు చూడండి. మనకు తెలిసిన మామూలు మాటలు 2000 చీటీల మీద రాసి, కళ్లు మూసుకుని నాలుగు చీటీలు తీద్దాం. ‘గుమ్మడి రైలు వెన్నెల సుత్తి’ అని వచ్చిందనుకోండి. తీసిన చీటీని మళ్లీ కలిపేస్తూ పోతే 2000ని నాలుగుసార్లు వేసుకోవాలి. 16 లక్షల కోట్లు! అక్షరాల గజిబిజి కంటే డెబ్భై రెట్లకు పైగా ఎక్కువ. పైగా సుత్తి పట్టుకున్న గుమ్మడికాయ వెన్నెల్లో రైలెక్కినట్టు ఊహించుకుంటే చచ్చినా మర్చిపోం. అంకెలూ గుర్తులూ కావాలని సైటు పట్టుబడితే చివర తగిలించుకోవచ్చు. ఒక్క షరతు. మాటలు చీటీల్లోంచే రావాలి. మనసులోంచి తీస్తే అమ్మ పేరు, దేవుడి పేరు, హీరో పేరు వస్తాయి. అవి అందరికీ వస్తాయి.

“అయితే ఆ వెబ్‌సైటు వాళ్లు నా పాస్‌వర్డు చూస్తారుగా?” అంది ఆ పిల్ల. చాలా మంచి ప్రశ్న. పచ్చడి ఇక్కడ వస్తుంది. రోట్లో పండుమిరపకాయలు, చింతపండు వేసి నూరాక, ఆ పచ్చడిలోంచి మళ్లీ మిరపకాయను తియ్యగలమా? పద్ధతైన వెబ్‌సైటు మీ పాస్‌వర్డును అలాగే లెక్కలతో నూరేసి, నూరిన ముద్దను మాత్రమే దాచుకుంటుంది. దీన్ని ‘హాష్’ అంటారు. ‘షా-256’ అని ఒక రోలు ఉంది. అందులో ‘అమ్మ’ అని వేసినా, వెయ్యి పేజీల పుస్తకం వేసినా 64 అక్షరాల ముద్దే వస్తుంది. ‘అమ్మ’ను ‘అమ్మా’ చేశారా, దీర్ఘం ఒక్కటే తేడా అయినా మొత్తం ముద్ద గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మీరు మళ్లీ లాగిన్ అయినప్పుడు సైటు కొత్తగా నూరి, పాత ముద్దతో పోల్చి చూస్తుంది. ఒకటే అయితే తలుపు తీస్తుంది. అసలు దినుసు ఏమిటో దానికి తెలియనవసరం లేదు.

దొంగలు తక్కువవాళ్లు కాదు. అందరూ వాడే పాస్‌వర్డులన్నీ ముందే నూరి, ఏ దినుసుకు ఏ ముద్దో పట్టిక రాసి పెట్టుకుంటారు. దానికి విరుగుడుగా సైట్లు ఒక్కొక్కరి పాస్‌వర్డుకు విడివిడిగా కొన్ని అడ్డదిడ్డం అక్షరాలు కలిపి నూరుతాయి. అలా కలిపేదాన్ని కంప్యూటరు వాళ్లు ఏమంటారో తెలుసా? ‘సాల్ట్’, ఉప్పు! ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డయినా ఉప్పు వేరు కాబట్టి ముద్దలు కలవవు. సాదా రోలు మరీ వేగంగా నూరేస్తుంది కనుక, పాస్‌వర్డుల కోసం కావాలని నిదానంగా నూరే రోళ్లు కూడా తయారుచేశారు. దొంగకు ఒక్కో ప్రయత్నానికీ అంత సేపు పట్టాలని. దీన్నిబట్టి మీకో పరీక్ష చెబుతాను. ‘పాస్‌వర్డు మర్చిపోయాను’ అని నొక్కితే, మంచి సైటు కొత్తది పెట్టుకోమంటుంది. పాతది ఇదిగో అని పంపిందంటే, అది మిరపకాయను నూరకుండా డబ్బాలో దాచుకుందన్నమాట. అక్కడ మీరు వాడిన పాస్‌వర్డు ఇంకెక్కడా వాడకండి.

ఇంతకీ ఆ కాలేజీ మనిషికి ఈ పిల్ల వివరాలు దొరికిందెలా? సెంటరు నుంచే అయి ఉండొచ్చు. కానీ మా బజారు మలుపులో ఫ్లెక్సీ చూడండి. ‘మా విజయకెరటాలు’ అంటూ పిల్లల ఫొటో, పేరు, ర్యాంకు, హాల్‌టికెట్ నంబరు. పుట్టినతేదీ ఎక్కడుందంటే, వాట్సాప్ స్టేటస్‌లో కేకు పక్కనే ఉంది. ఈ ముక్క ఇక్కడ, ఆ ముక్క అక్కడ. విడిగా చూస్తే ఏదీ రహస్యం కాదు. కలిపితే తాళంచెవి.

ముక్కలు కలిపితే ఏమవుతుందో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే ఆమె విద్యార్థినిగా ఉన్నప్పుడే చూపించింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరాలు, పేర్లు తీసేసి, పుట్టినతేదీ లాంటివి మాత్రం ఉంచి, పరిశోధకుల కోసం బయటికిచ్చారు. పేర్లు లేవు కదా, భయం లేదన్నారు. ఆమె 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొంది. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడులో ఉన్నది ఆయనొక్కడే. ఆయన వైద్యం వివరాలన్నీ బయటపడ్డాయి. తర్వాత 2000లో ఆమె లెక్కగట్టి చెప్పింది, పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడు, ఈ మూడూ కలిస్తే అమెరికాలో 87 శాతం మందిని ఒక్కొక్కరుగా వేరుచేసి పట్టుకోవచ్చని. మన బడుల్లో పుట్టినతేదీలతో సహా పిల్లల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టే టీచర్లకు ఈ కథ చేతులు జోడించి చెబుతున్నాను. మన దేశంలోనూ 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనీ, పిల్లల్ని వెంటాడి ప్రకటనలు గురిపెట్టకూడదనీ అందులో రాశారు.

అలాగని ఎక్కడా పేరు పెట్టొద్దు, దాక్కోమని నేను చెప్పడం లేదు. మన సాహిత్యంలో కలం పేర్లు ఎంత గౌరవంగా బతికాయి! భాగవతుల సదాశివశంకర శాస్త్రి ‘ఆరుద్ర’ అయ్యారు. ‘బీనాదేవి’ అంటే భార్యాభర్తలిద్దరు కలిసి పెట్టుకున్న పేరు. కలం పేరు అబద్ధం కాదు, తాను ఎంచుకుని తొడుక్కున్న చొక్కా. మీరూ ఆటలకొక పేరు, బొమ్మలు వేసి పెట్టడానికొక పేరు పెట్టుకోవచ్చు. మార్కుల మెమోకూ సర్టిఫికెట్లకూ మాత్రం బడిలో రాయించిన పేరు, అక్షరం పొల్లుపోకుండా. డిజీలాకర్‌లో మెమో కోసం వెతికేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్నది తేడా పడితే ఎంత తిప్పలో, పడినవాళ్లనడగండి. ఏ పేరు వాడుతున్నారో, దాని తాళం ఎవరి దగ్గరుందో మీకు తెలిసి ఉంటే చాలు.

టీచర్లకు ఇంకొక్క మాట, నేనూ ముప్ఫై ఏళ్లు సుద్దముక్క పట్టినవాణ్ణే కాబట్టి. క్లాసు పిల్లలందరి లాగిన్లూ పాస్‌వర్డులూ ఒక నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకోవడం మానండి. గడువు దగ్గర పడుతుంది, నెట్ ఆగిపోతుంది, యాభైమందివి అప్‌లోడ్ చెయ్యాలి, మనమే చేసేస్తే తొందరగా అయిపోతుంది. నాకు తెలుసు. ఆ ముసలమ్మ చెయ్యి నేను పట్టుకున్నదీ తొందర కోసమే. ఒక్క పీరియడ్ ఇవ్వండి. తప్పు పాస్‌వర్డు కొట్టనివ్వండి, లాక్ పడనివ్వండి, మర్చిపోయి తిరిగి తెచ్చుకోవడం కూడా వాళ్లనే చెయ్యనివ్వండి. గుండ్రం కలవని ‘ర’లు ఆరేడు పడితేనే సరైన ‘ర’ పడింది.

ఆ సాయంత్రం చీటీలు కత్తిరించడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. రెండువేలూ రాయలేం కదా, చివరికి పాత నిఘంటువు తీసుకుని, పాచికలు వేసి పేజీ, వరుస ఎంచుకునేలా మార్చాం. నాలుగు మాటలు వచ్చాయి. ఆ పిల్ల వాటిని అరచేతిలో దాచుకుని చదువుకుంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని టైపు చెయ్యబోయి ఆగి, నా వంక చూసింది. నేను ముఖం వేపచెట్టు వైపు తిప్పుకున్నాను. కొమ్మ మీద రెండు కాకులు సర్దుకుంటున్నాయి. వెనక నుంచి టకటక చప్పుడు, ఒకసారి “అయ్యో”, మళ్లీ చప్పుడు. వాళ్లమ్మ ఫోను మోగింది, ఓటీపీ వచ్చింది. తల్లి చదవబోతుంటే, “ఇటివ్వమ్మా, నేను చూసుకుంటా” అంది.

కాసేపటికి, “ఇక ఇటు తిరగొచ్చు తాతయ్యా” అని వినిపించింది.